ఎడమ పురి

మా ఆయన నాతో కలిసి తాడు పేనడం మానేసిన రోజునే నాకు అనుమానం మొదలైంది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. మొగుడు తాగొస్తే అనుమానించాలి, ఇంటికి రాకపోతే అనుమానించాలి, అంతేగానీ తాడు విడిగా పేనుకుంటానంటే అనుమానించడమేమిటి అంటారు. వాళ్ళకేం తెలుసు నా బొంద! వాళ్ళెప్పుడైనా మొగుడికి ఎదురుగా కూర్చుని తాడు పేనారా?

మాది జనుము పండించే పొలం. మేమే కోస్తాం, మేమే కట్టలు కట్టి గుంటలో నానేసి పైన రాళ్ళు పెడతాం, కుళ్ళి మెత్తబడ్డాక మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తాం. ఆ కంపు సంగతి చెప్పనక్కర్లేదు. ఎంత తోముకున్నా ఒంటిని వదలదు. మేం బస్సెక్కితే మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. కానీ ఉతికి ఆరేశాక నార తెల్లగా మెరుస్తుంటే పడ్డ పాట్లన్నీ మర్చిపోతాను.

పేనడం ఇద్దరి పని. కుడి తొడ మీద నార పరిచి కుడి అరచేత్తో ముందుకు తోస్తే దానికి పురి ఎక్కుతుంది. అలా పురి ఎక్కినదాన్ని పేట అంటాం. ఆయనొక పేట, నేనొక పేట. రెండూ కలిపి మెలేస్తే తాడు. నా పేట అవగానే కొస ఆయన వైపు విసురుతాను, ఆయన తల కూడా ఎత్తకుండా కుడిచేత్తో పట్టేస్తాడు. పెళ్ళైన కొత్తలో మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ విసరడం, పట్టుకోవడమే మా మాటలు. తర్వాత మాటలు వచ్చాయి, పోట్లాటలూ వచ్చాయి. ఎంత పోట్లాడుకున్న రోజైనా కొస మాత్రం కిందపడలేదు.

ఒకరోజు పడింది. నేను విసిరిన కొస ఆయన చేతికి తగిలి, ఒళ్ళో పడి, అక్కణ్ణుంచి జారి మట్టిలో పడింది. ఆయన దానివంక చూస్తూ కూర్చున్నాడు.

“ఏమయ్యా, కూర్చునే నిద్రపోతున్నావా?” అన్నాను.

“ఏదో ఆలోచిస్తున్నాలే.”

“ఎవరి గురించి?”

సరదాకే అన్నాను. కానీ మనిషి ఉలిక్కిపడ్డాడు. తేలు కుట్టిన దొంగలా నీళ్ళు నమిలాడు. మర్నాడు పొద్దున నేను నార దులుపుతుంటే వచ్చి నిలబడి, “ఇకమీదట ఎవరి తాడు వాళ్ళం పేనుకుందామే,” అన్నాడు.

“ఎందుకట?”

“నీ వేగం నాకు అందడం లేదు.”

“ఇన్నేళ్ళూ అందింది, ఇప్పుడేమొచ్చింది? నా చేతులకేమైనా రెక్కలు మొలిచాయా?”

తన వంతు నార చంకన పెట్టుకుని వెనకవైపు పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. మా అత్తయ్య అరుగు మీద కూర్చుని నార చిక్కు తీస్తోంది. ఆవిడకి చూపు మందగించింది, చేతులు మాత్రం చిక్కుముళ్ళను ఇట్టే కనిపెట్టేస్తాయి. “వాడినెందుకే సాధిస్తావు?” అంది. కొడుకుని ఒక్క మాట అనకూడదు ఆవిడ ముందు.

అక్కణ్ణుంచి ఒకదాని తర్వాత ఒకటి. మొదట గడ్డం. రోజు మార్చి రోజు నున్నగా గీసుకునే మనిషి గడ్డం పెంచడం మొదలుపెట్టాడు. ఏమిటయ్యా ఈ వేషం అంటే, “బాగా లేదా?” అన్నాడు. బాగుంది, అదే నా బాధ. తర్వాత తిండి. ఇద్దరం కలిసి కూర్చుని తినేవాళ్ళం. “నువ్వు తినేయ్, నాకు ఆకలి లేదు, తర్వాత తింటా,” అనడం మొదలెట్టాడు. నేను పొలం వైపు వెళ్ళాక తింటాడు. లేకపోతే ఇంకెక్కడో తినొచ్చాడు కాబట్టి ఆకలి లేదా? నేను గిన్నెలు చూసేదాన్ని. అన్నం తగ్గేది. అయినా నా మనసు ఊరుకుంటుందా? కుక్కకి వేశాడేమో అనుకున్నాను.

ఆ తర్వాత సబ్బు. ఒక సాయంత్రం నా పక్కనుంచి వెళ్తుంటే గుప్పుమంది. జనుము గుంటలో పుట్టి పెరిగినట్టుండే మనిషి దగ్గర పూల సబ్బు వాసన! మా ఇంట్లో ఉన్నది బట్టల సబ్బూ, మరీ ముఖ్యమైన రోజైతే ఎర్ర సబ్బూను. నేను ముక్కు ఎగబీలుస్తుంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఎక్కడ కడుక్కున్నావు చేతులు?”

“అదేంటే, చేతులు కడుక్కోవడం కూడా తప్పేనా?”

తప్పు కాదు. ఎవరింట్లో కడుక్కున్నావన్నదే ప్రశ్న.

ఆ ఇల్లేదో గుండీల్లేని చొక్కా చెప్పింది. ఒకరోజు మెడలోంచి తగిలించుకునే కొత్త చొక్కా ఒకటి వేసుకొచ్చాడు, నీలం రంగుది, కుట్టు ఎక్కడా వంకర పోలేదు. గుండీల చొక్కాలు నాలుగు దండెం మీద వేలాడుతుంటే దీని అవసరం ఏమొచ్చిందో!

“ఎవరు కుట్టారు?”

“వీధి చివర కుట్టుమిషనావిడ.”

“కొలతలెవరు తీశారు?”

“ఎవరు తీస్తారు? ఆవిడే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. కుట్టుమిషనావిడ నాకు పరాయిదేం కాదు. నా జాకెట్లన్నీ ఆవిడే కుట్టింది. ఎడమచేతి వాటం మనిషి. కత్తెర ఎడమచేత్తో పట్టుకుని సర్రున గుడ్డ కోస్తుంటే చూడ్డానికి నాకు భలే వింతగా ఉండేది. మొగుడు లారీ తోలతాడు, ఎప్పుడొస్తాడో ఎప్పుడు పోతాడో లారీకే తెలియాలి. నన్ను వదినా అంటుంది, ఈయన్ని అన్నయ్యా అంటుంది. ఆ పిలుపులు విని మురిసిపోయిన నన్ను అనాలి ముందు.

మర్నాటినుంచి నేను కాపలా కుక్కనైపోయాను. మధ్యాహ్నం నేను తినీ తినగానే ఆయన “అలా వెళ్ళొస్తా” అంటాడు. ఆ “అలా” వీధి చివరికేనని మా గేటు దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి పోతాడు. ఎండ తగ్గాక వస్తాడు. అలసిపోయి వస్తాడు. ఆ అలసట చూస్తుంటే నాకు కడుపు రగిలిపోయేది. నిలదీసి అడగొచ్చుగా అంటారేమో. నా నోటికి అంత పేరుంది గానీ, అడిగితే ఆయన అవునంటాడేమోనని నాకు భయం. అవునంటే ఈ పొలం, ఈ ఇల్లు, ఎదురెదురుగా వేసిన ఈ రెండు పీటలు, వీటిలో నాకేం మిగులుతుంది? మాకు పిల్లల్లేరు. నాకున్నది ఆయనొక్కడే.

అలాంటప్పుడు మా నాన్న గుర్తొచ్చేవాడు. నాకు తాడు పేనడం నేర్పింది ఆయనే. కానీ నాన్నని ఎక్కువసేపు తలుచుకోలేను. చివరి రోజుల్లో ముందు చెయ్యి మొద్దుబారిందన్నాడు, తర్వాత కాలు, తర్వాత మాట. మంచం మీద నా వంక చూస్తూనే పోయాడు. ఆ తర్వాత చాలాకాలం నేను మనిషిని కాలేకపోయాను. ఇప్పటికీ ఎవరైనా చెయ్యి తిమ్మిరెక్కిందంటే చాలు, అక్కణ్ణుంచి లేచిపోతాను. ఇంట్లో అందరికీ తెలుసు, నా ముందు ఆ మాట ఎత్తరు.

అసలు గుట్టు బావి దగ్గర బయటపడింది. పశువులకి నీళ్ళు తోడే చేంతాడు అరిగి, తెగి పొట్టిదైపోయింది. ఆ పొద్దున నాకు చిరాకుగా ఉండి, కొట్టంలో మేకుకి వేలాడుతున్న ఆయన తాడొకటి చూడకుండానే లాగి, పాతదాని పై కొసకి ముడేసి, కింది కొసకి బకెట్ కట్టి బావిలోకి వదిలాను. నిండిన బకెట్ పైకి లాగుతుంటే ఏదో తేడాగా ఉంది. బకెట్ గిరగిరా తిరుగుతోంది. తాడు నా చేతుల్లో వదులైపోతోంది. చూద్దును కదా, ముడికి అటూ ఇటూ తాళ్ళు రెండూ జడ విప్పినట్టు విచ్చుకుపోతున్నాయి. “ఓరి నీ అమ్మ కడుపు కాలా,” అనేలోపే అరిగిన పాత కొస పుటుక్కున తెగింది. బకెట్ నీళ్ళల్లో పడ్డ చప్పుడుకి ఎద్దు కూడా తలెత్తి చూసింది.

బకెట్‌తో పాటు పాత తాడు బావిలోకి పోగా, గట్టుమీద మిగిలిన ఆయన తాడు ముక్కని చేతిలోకి తీసుకున్నాను. తడిమి చూశాను. నా వేళ్ళు ఒప్పుకోలేదు. వెలుగులోకి పట్టుకెళ్ళి చూశాను. పురి అటుదిటు ఉంది. మా ఇంట్లో తాళ్ళన్నీ ఒకవైపుకి మెలితిరిగితే ఇది ఎదురువైపుకి తిరిగింది. అందుకే రెండూ కలిసి ఒకదాన్నొకటి విప్పేసుకున్నాయి. కుడి తొడ మీద కుడిచేత్తో తోస్తే ఇలా రాదు. ఎడమ తొడ మీద ఎడమచేత్తో తోస్తేనే వస్తుంది.

ఎడమచేత్తో.

మా వీధి మొత్తం మీద ఎడమచేతి వాటం ఎవరిదో నాకు తెలియదా?

అంటే ఆవిడకి తాడు పేనడం నేర్పుతున్నాడన్నమాట. నాకెదురుగా వేసుకునే పీట ఆవిడకి ఎదురుగా వేసుకున్నాడు. ఆవిడ పేనిన తాడు తెచ్చి మా కొట్టంలో మేకుకి తగిలించుకుని చూసుకుంటున్నాడు. చొక్కా సంగతి క్షమించేదాన్నేమో. సబ్బూ క్షమించేదాన్నేమో. ఇది మాత్రం నా గుండెల్లో గునపంలా దిగింది. నిజం చెబుతున్నాను, బావిగట్టు మీద కూలబడి ఏడ్చాను.

ముక్కు చీదుకుని మా అత్తయ్య దగ్గరికి పోయాను. “ఇది పట్టుకుని చెప్పండి, ఎవరి చెయ్యి ఇది?” అని ముక్క ఆవిడ ఒళ్ళో పడేశాను. ఆవిడ తడిమింది, చెంపకి ఆనించుకుంది, మళ్ళీ తడిమింది.

“నా కొడుకు చెయ్యే,” అంది.

“పురి చూశారా? ఎదురువైపుకి తిరిగింది.”

“పురెటు తిరిగితే ఏం? వాడు పోగు పోగుకీ ఇక్కడ కాస్త ఆగుతాడు, ఇదిగో ఈ సన్నం చూడు. చిన్నప్పటినుంచీ అంతే. వాడి చెయ్యే.”

“చాల్లెండి! కొడుకుని వెనకేసుకు రావడానికి కూడా ఒక హద్దుండాలి!”

ఆవిడ ముక్కని వెంటనే తిరిగివ్వలేదు.

ఆయన తిండికి వచ్చినప్పుడు ముక్క ఆయన కళ్ళముందు ఊపాను. “ఇదెవరు పేనారు?”

“నేనే.”

“నా కళ్ళల్లోకి చూసి చెప్పు.”

చూడలేదు. “నేనేనే బాబూ, వదిలెయ్,” అని, తిండి కూడా తినకుండా బయటికి నడిచాడు. నా మొగుడు నాకు అబద్ధం చెప్పడం అదే మొదటిసారి అనుకున్నాను. తాడుముక్క చేతికి చుట్టుకుని వెనకే బయల్దేరాను. ఇక అవునంటే అననీ, కాదంటే కాదననీ, ఈ రోజుతో తేలిపోవాలి.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి ఉంది. మిషను చప్పుడు లేదు. ఆ మిషను ఆగడం నేనెప్పుడూ వినలేదు. లోపల్నుంచి ఆవిడ గొంతు. “మెల్లగా అన్నయ్యా, తొందరేముంది? కొత్తలో ఇలాగే ఉంటుంది.”

కొత్తలోనట! తలుపు కాలితో తన్నాను. “తొందరెందుకుండదూ! ఇంట్లో పెళ్ళాం కనిపెట్టేసిందిగా!” అని వీధంతా వినపడేలా అరిచాను. ఎదురింటి కిటికీ తెరుచుకోవడం కూడా వినిపించింది. “ఎన్నాళ్ళుగా సాగుతోందమ్మా ఈ అన్నాచెల్లెళ్ళ బాగోతం? నా జాకెట్ కొలతలు చాల్లేదా నీకు? ఇదిగోవయ్యా నీ ముద్దుల తాడు, పట్టుకో!”

ముక్కని ఉండచుట్టి విసిరాను. ఎప్పుడూ విసిరినట్టే, కుడిచేతికి అందేలాగే విసిరాను. చేతికి అలవాటైన పని, కోపంలో కూడా గురి తప్పలేదు. సరిగ్గా ఆయన కుడి అరచేతిలో పడింది.

వేళ్ళు ముడుచుకోలేదు. తాడు అరచేతిలోంచి జారి నేలమీద పడింది. ఆయన చెయ్యి అలాగే వెల్లకిలా ఒళ్ళో ఉంది, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు.

అప్పుడు గది చూశాను. ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు. నార కొస మిషను కాలికి కట్టి ఉంది. పంచె ఎడమ తొడ దాకా మడిచి ఉంది. తొడ మీద సగం పేనిన పేట, దాని మీద ఎడమ అరచెయ్యి. తొడంతా ఒరుసుకుపోయి ఎర్రగా కందిపోయింది. ఆవిడ గదికి అవతల చివర కత్తిరించిన గుడ్డల మధ్య నిలబడి, నా వంక నోరు తెరుచుకుని చూస్తోంది. కిటికీ దగ్గర గిన్నెలో నీళ్ళు, పక్కన పూల సబ్బు.

“ఏమైంది నీ చేతికి?” అన్నాను.

ఆవిడే అందుకుంది. “నేను చెప్తాను వదినా, మీరు నన్ను తర్వాత తిడుదురుగాని. అన్నయ్య కుడిచెయ్యి పనిచెయ్యడం లేదు. మొదట్లో కాస్త తిమ్మిరి, ఇప్పుడు గుండీ కూడా పట్టుకోలేడు. అందుకే ఆ చొక్కా కుట్టించుకున్నాడు. నాది ఎడమచెయ్యి కదా, ఎడమచేత్తో పని ఎలా చేసుకోవాలో చూపించమని వచ్చాడు. ఆ జనుము కంపుతో నా గుడ్డల దగ్గరికి రావద్దని చేతులు కడిగిస్తున్నాను. మీకు చెప్పమని రోజూ పోరుతున్నాను, వింటేగా!”

గడ్డం. ఒంటరిగా తిండి. గుండీలు. అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. నాకేం అనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. ముందు సంతోషమేసింది. ఇంకో ఆడది లేదు, నా మొగుడు నావాడే అని. ఆ సంతోషానికి వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గు పూర్తిగా తెలిసేలోపే భయం పట్టుకుంది. నాన్న మంచం కళ్ళముందుకొచ్చింది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“మీ నాన్నకి మొదట చెయ్యే కదే పోయింది,” అన్నాడు తలొంచుకుని. “అప్పుడు నువ్వెలా అయిపోయావో నేను చూశాను. మళ్ళీ నా నోటితో ఆ మాట నీకెలా చెప్పను? ఎడమచెయ్యి బాగా అలవాటయ్యాక, ఊరికే సరదాకి మార్చానని చెబుదామనుకున్నా.”

“సరదాకా? సరదాకి చెయ్యి మార్చేవాడెవడయ్యా లోకంలో? నేను అంత వెర్రిదానిలా కనబడుతున్నానా?” అని తిట్టాను. తిడుతూనే పక్కన కూలబడి ఆ చెయ్యి తీసుకున్నాను. వెచ్చగానే ఉంది. గట్టిగా నొక్కాను.

“తెలుస్తోందా?”

“లేదే.”

ఇంకా గట్టిగా నొక్కాను. ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు, తెలుస్తోందని. చెప్పలేదు.

నేను లేచిపోలేదు. అక్కడే కూర్చున్నాను. కుట్టుమిషనావిడ నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. “నన్ను క్షమించమ్మా,” అన్నాను. “క్షమిస్తాలెండి, ముందు బయటికెళ్ళి ఎదురింటివాళ్ళకి కూడా అంతే గట్టిగా ఈ మాట చెప్పిరండి,” అంది. వెళ్ళి చెప్పాను. అంత గట్టిగా కాదులెండి, వినపడేంత చెప్పాను.

మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. మెడలో నరం నలిగిపోయిందట. పక్షవాతం కాదట. ఆ మాట నేను డాక్టరు చేత మళ్ళీ మళ్ళీ చెప్పించాను, డాక్టరు విసుక్కునేదాకా. ముందే తీసుకురావాల్సింది, ఇప్పుడు మందులు వాడితే కొంత పట్టు రావచ్చు, పాత చెయ్యి మాత్రం తిరిగి రాదన్నాడు. బస్సులో మా పక్క సీటు ఖాళీగానే ఉంది. దారంతా ఆయన కుడిచెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చాక రెండు పీటలూ మళ్ళీ ఎదురెదురుగా వేశాను.

“ఎలాగే?” అన్నాడాయన. “నా పురి అటు, నీ పురి ఇటు. కలిపితే నిలవదు. నీ పురి వస్తుందని వెనక్కి లాగి చూశాను, ఎడమచేత్తో వెనక్కి లాగితే బలం రావడం లేదు.”

“నా పురికి నిన్ను రమ్మన్నదెవరు? నేనే నీ పురికి వస్తా,” అన్నాను. చీర ఎడమ మోకాలి పైకి దోపి, ఎడమ తొడ మీద నార పరిచి, ఎడమ అరచెయ్యి పెట్టాను. ముందుకు తోశాను. నార చెల్లాచెదురైంది. మళ్ళీ తోశాను. పుట్టి బుద్ధెరిగాక నా చెయ్యి నన్ను అంత వెక్కిరించడం అదే మొదలు. నా చేతిని నేనే నానా బూతులూ తిట్టుకుంటుంటే ఆయన గడ్డంలోంచి నవ్వాడు. చాలా రోజులైంది ఆ నవ్వు చూసి.

పొద్దు వాలేసరికి మూరెడు పేట ఒకటి తయారైంది, ఒకచోట లావు, ఒకచోట సన్నం. కొస ఆయన ఎడమచేతి వైపు విసిరాను. కిందపడింది. తీసి ఇచ్చాడు. మళ్ళీ విసిరాను. ఈసారి పట్టుకున్నాడు. తన పేటతో కలిపి మెలేసి, ఆ మూరెడు తాడు తీసుకెళ్ళి వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు.

అత్తయ్య తడిమింది. మొహం చిట్లించింది. “ఒక పేట నీదేరా. ఈ రెండోది ఎవరిది? ఏ చేతకానివాళ్ళు పేనారు దీన్ని? ఇది మన ఇంటి చెయ్యి కాదు.”

“నాదే అత్తయ్యా,” అన్నాను.